నవంబర్ చివర్లో పాలమూరు మీదుగా మూడు రోజుల కారు ప్రయాణం: ఏం చూడాలి, ఏం వదిలేయాలి

మీ ప్రశ్న చదివాను. నవంబర్ ఆఖరి వారంలో హైదరాబాద్ నుంచి కారులో మూడు రోజులు, బండరాళ్లు, మెట్ట నేలలు కనిపించే దారిలో తిరగాలి. మామయ్యగారికి గోల్ఫ్ కావాలి, తమ్ముడికి ట్రెక్కింగ్, అమ్మగారికి గుళ్లు. మాది జడ్చర్ల దగ్గరి పల్లె. ఇంటిల్లిపాదితో ఈ దారిలో మూడుసార్లు తిరిగాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

గోల్ఫ్ సంగతి హైదరాబాద్‌లోనే ముగించుకోండి. గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్ ఉంది, 18 హోల్స్, చుట్టూ గ్రానైట్ బండలే. మామయ్యగారు ముందు రోజు అక్కడ ఆడేస్తే మర్నాడు తెల్లారి ఆరింటికి అందరూ కలిసి బయలుదేరొచ్చు.

మీరు రాసిన జాబితాలో నాగార్జునసాగర్, దేవరకొండ కోట, పానగల్లు కూడా ఉన్నాయి. అవన్నీ నల్లగొండ వైపు, ఈసారి వద్దు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం మీద పగలంతా ఒకే చోట నిలిచే స్తంభం నీడను రెండు నిమిషాలు చూసి పరుగెత్తడం నాకు మనసొప్పదు. నల్లగొండకు ఇంకోసారి విడిగా రెండు రోజులు పెట్టుకోండి.

మొదటి రోజు జాతీయ రహదారి మీద బాలానగర్ దగ్గర సీతాఫలాల బుట్టలు కనబడితే ఆగండి. అప్పటికి సీజన్ అయిపోవస్తుంది కానీ అదృష్టం ఉంటే దొరుకుతాయి. కళ్లు బాగా విచ్చుకుని, వాటి మధ్య గీతలు తెల్లబడిన కాయలు ఏరుకోండి, ఒకటి రెండు రోజుల్లో పండుతాయి. తర్వాత మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే ఈ మర్రికి చెదలు పట్టి, 2017 డిసెంబర్‌లో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. ఆ తర్వాత ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినట్టు కొమ్మలకు సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. చిన్నప్పుడు ఆ ఊడలు పట్టుకుని ఊగినవాణ్ణి, ఆ సీసాల ఫొటోలు చూసినప్పుడు కళ్లు చెమర్చాయి. గంటసేపు ఉండి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, రాత్రికి కర్నూలులో దిగండి.

రెండో రోజు పొద్దున అలంపురం. సగం రోజు దీనికే ఇవ్వండి, ఇది మాత్రం నా మాట వినండి. ఏడో శతాబ్దంలో బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు తుంగభద్ర ఒడ్డున ఉన్నాయి. పేర్లలో బ్రహ్మ ఉన్నా అన్నీ శివాలయాలే. మనవైపు గోపురాల్లా కాకుండా శిఖరాలు ఉత్తరాది గుళ్లలా వంపు తిరిగి పైకి పోతాయి, పైన ఉసిరికాయ ఆకారంలో ఆమలకం. స్వర్గబ్రహ్మ ఆలయం చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణ చేయండి. ఏటవాలు ఎండ పడినప్పుడు గోడల్లోని బొమ్మల వేళ్లు, నగలు విడివిడిగా కనిపిస్తాయి, మధ్యాహ్నం అయితే అన్నీ చదునుగా కలిసిపోతాయి. జోగులాంబ అమ్మవారి దర్శనం కూడా ఇక్కడే. ఇప్పుడున్న గుడి 2005లో కట్టింది, అంతకుముందు అమ్మవారిని బాలబ్రహ్మ ఆలయంలోనే కొలిచేవారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోకుండా కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి కట్టిన సంగమేశ్వరాలయాన్ని కూడా వదలకండి.

మధ్యాహ్నం పెబ్బేరు, కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరండి. ఒడ్డున కూర్చుని కృష్ణ మీద పొద్దుగూకడం చూడటం తప్ప అక్కడ వేరే పని పెట్టుకోవద్దు. అవతలి ఒడ్డున ఉన్న సంగమేశ్వరం గుడి (అలంపురంలో చూసింది కాదు, ఇది వేరే) అప్పుడు నీళ్లలో మునిగి ఉంటుంది, నీళ్లు తగ్గి ఎండాకాలంలోనే బయటపడుతుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. నవంబర్‌లో వరికోతలు. ఊళ్ల దగ్గర రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోస్తారు, రాత్రికి కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పుతారు, చుట్టూ రాళ్లు పెడతారు. పగలు చూస్తే పండిన పంటను చూసిన సంతోషం, చీకట్లో మాత్రం ఆ నలుపు రోడ్డులో కలిసిపోతుంది. మొదటిసారి పోయినప్పుడు ఏడున్నరకే మా కారు చక్రం ఒక రాయెక్కింది. టైరు పగిలి, స్టెప్నీ మార్చుకుని, శ్రీశైలం దారిలో అడవి మొదట్లో ఉన్న మన్ననూరు చెక్‌పోస్ట్ చేరేసరికి తొమ్మిది దాటింది. అడవిలో జంతువులు తిరుగుతాయని రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అక్కడ బండ్లు వదలరు. చిన్నపిల్లలతో వెనక్కి అచ్చంపేట వచ్చి కారులోనే తెల్లవార్లూ గడిపాం. ఆ టెన్షన్ మీకు వద్దు. సాయంత్రం ఐదున్నరకల్లా బస చేరిపోండి.

మూడో రోజు మీ తమ్ముడిది. సోమశిల నుంచి పొద్దున్నే బయలుదేరి అచ్చంపేట మీదుగా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి వెళ్లండి. ఫరహాబాద్ సఫారీ అటవీశాఖ బండిలోనే. వటవర్లపల్లి దగ్గర హైవే దిగితే మల్లెలతీర్థం జలపాతం. దాదాపు 350 మెట్లు, దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, ఎక్కేటప్పుడే తెలుస్తుంది. మా అమ్మ సగం దిగి మోకాళ్లు పట్టుకుని ఒక మెట్టు మీద కూర్చుండిపోయింది. పైకి తీసుకురావడానికి ముప్పావు గంట పట్టింది, మెట్టు మెట్టుకీ నా భుజం గట్టిగా పట్టుకుంది. మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే తనని ఉమామహేశ్వరం తీసుకెళ్లండి, గుడి దాకా కారు పోతుంది. తమ్ముడు మాత్రం కింది దాకా దిగాలి, నవంబర్‌లో ధార ఇంకా పడుతూనే ఉంటుంది. రిజర్వ్‌లో ప్లాస్టిక్ నిషేధం, స్టీలు సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లండి. మూడింటికల్లా వెనక్కి తిరిగితే డిండి చెరువు వెలుగుండగానే దాటేస్తారు.