సైకిల్ ఎక్కితే కాలివేళ్ళకి తిమ్మిరి, ఏం షూ కొనాలి?

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు బి.క్యాంపు. పొట్ట తగ్గిద్దామని రెండు నెల్ల కింద గేర్ సైకిల్ కొన్నా, పొద్దున్నే నంద్యాల రోడ్డు పట్టుకుని ఓర్వకల్లు వైపు పోయొస్తా. అరగంట దాటిందంటే కుడికాలి వేళ్ళు తిమ్మిరెక్కి మొద్దుబారిపోతాయి. వేసుకునేది మెత్తటి రన్నింగ్ షూ, రేటు తక్కువదేం కాదు. షాపులోనేమో పెడల్‌కి లాక్ అయ్యే సైక్లింగ్ షూ తీసుకోమంటున్నారు, పెడల్స్‌తో కలిపి లెక్కేస్తే గుండె గుభేలుమంది. తీసుకోవాలా?

జవాబు: ఇప్పుడే వద్దు తమ్ముడూ. నీ షూ మంచిదే, కాకపోతే పరుగుకి మంచిది. పరిగెత్తేటప్పుడు కాలు నేలకి కొట్టుకునే దెబ్బ తినడానికి కింద అంత స్పాంజీ పెడతారు, సైకిల్ మీద ఆ దెబ్బే లేదు కదా, నీ బలమంతా అరచెయ్యంత పెడల్ మీద ఒక్కచోటే పడుతుంది, సోల్ మెత్తగా ఉంటే ఆ పెడల్ కాస్తా అరికాలికి ఒత్తుకుని వేళ్ళ మొదట్లో నరాలు నలుగుతాయి, తిమ్మిరి అక్కడే మొదలు.

ఇంట్లో ఉన్న షూలన్నీ బయటికి తీసి ముందూ వెనకా పట్టుకుని వంచి చూడు. చపాతీలా మడతపడేది పక్కన పెట్టెయ్. కొంచెం మొండికేసేది, సోల్ చదునుగా ఉండి రబ్బరు పట్టున్నది దొరికితే ప్రస్తుతానికి అదే నీ సైక్లింగ్ షూ. నేనైతే మొదటి ఏడాదంతా పాత బ్యాడ్మింటన్ షూతోనే లాగించినా.

ఇంకోటి, బిగుతు. తొక్కేకొద్దీ, ఎండెక్కేకొద్దీ పాదం ఉబ్బుతుంది, మన కర్నూలు ఎండ సంగతి నీకు చెప్పేదేముంది, 6 గంటలకి సరిపోయిన షూ 8 అయ్యేసరికి కరవడం మొదలుపెడుతుంది. అందుకే ఎప్పుడైనా కొత్తది కొంటే సాయంత్రం పూట పో, తొక్కేటప్పుడు వేసుకునే సాక్సే వేసుకుని చూడు, వేళ్ళు లోపల ఆడాలి, మడమ మాత్రం లేవకూడదు. కుడికాలికే ఎందుకంటావా, చాలామందికి రెండు పాదాలు ఒక్క సైజుండవు, పెద్దదాని కొలతకే కొనాలి. వేళ్ళ వైపు లేసు లూజుగా వదిలి పైన బిగించి చూడు, కొందరికి ఇంతమాత్రానికే సర్దుకుంటుంది. లేసు కొసలు లోపలికి దోపడం మర్చిపోవద్దు, చైన్ ఉండేది కూడా కుడిపక్కనే. పాదం మధ్యతో కాకుండా బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే భాగంతో తొక్కు. ఇవన్నీ చేసినా, సైకిల్ దిగినాక కూడా తిమ్మిరి వదలట్లేదంటే ఇక షూల వెంట తిరగొద్దు, డాక్టర్‌కి చూపించుకో, షుగర్ ఉన్నోళ్ళయితే ముందే.

ఇక లాక్ షూ. దాన్ని క్లిప్‌లెస్ అంటారు, లాక్ అయ్యేదానికి ఆ పేరేంటో అని నేనూ బుర్ర గోక్కున్నా, పాతకాలం పెడల్ మీద వేళ్ళని పట్టే క్లిప్పు పంజరం ఉండేదిలే, అది లేనిది కాబట్టి క్లిప్‌లెస్. మడమ బయటికి తిప్పితేనే ఊడుతుంది, కొత్తలో ఆ సంగతి గుర్తురాక రాజ్‌విహార్ సెంటర్లో సిగ్నల్ పడగానే సైకిల్‌తో సహా పక్కకి ఒరిగితే చూసేవాళ్ళకి సినిమా. 40, 50 కిలోమీటర్లు అలవాటైనాక మనసైతే తీసుకో, అప్పుడు కూడా పెడల్‌కి లాక్ అయ్యే ముక్కని సోల్‌కి రెండు బోల్టులతో బిగించేదే చూడు, ఆ ఇనుప ముక్క సోల్ లోపలికి ఉంటుంది, నడవొచ్చు. మూడు బోల్టులదైతే టీ కొట్టు దాకా బాతు నడకే.

ప్రశ్న: మాది కడప అన్నా. పిల్లల్ని స్కూలుకి పంపినాక చెప్పులతోనే దేవుని కడప చెరువు దాకా లేడీస్ సైకిల్ మీద పోయొస్తా. నేను కూడా షూ కొనాల్నా?

జవాబు: అంత దూరానికి అక్కర్లేదమ్మా. హవాయి చెప్పులు మాత్రం మానెయ్, చెమటకి జారతాయి, అవి ఊడకుండా వేళ్ళతో పట్టుకోవడానికే సగం ఓపిక అయిపోతుంది. వెనక పట్టీ ఉండి ముందు వేళ్ళు మూసుండే శాండల్ చాలు. చుడీదార్ అయితే కుడికాలి బాటమ్‌కి ఒక రబ్బరు బ్యాండ్ వేసుకో, చైన్ కవర్ ఉన్నా సరే.