కొండ నడకల పట్టిక చూశాక మేనకోడలికి

అమ్మాయీ, ఆశీస్సులు.

నడక సంఘం బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా నువ్వు వేసిన పట్టిక కూడా పంపింది. రాత ముత్యాల్లా ఉంది కానీ వరస తలకిందులైంది.

మొదటి ఆదివారమే తిరుమల కొండెక్కే శ్రీవారి మెట్టు దారి పెట్టావు. పక్కన ‘రెండు కిలోమీటర్లే, కొత్తవాళ్లకు సులువు’ అని రాశావు. దూరం చూసి మోసపోయావు తల్లీ. ఆ 2.1 కిలోమీటర్లలో 2,388 మెట్లున్నాయి. అలిపిరి దారి 9 కిలోమీటర్లయినా మెట్లు 3,550. భాగించి చూడు. అలిపిరిలో కిలోమీటరుకు 400 లోపు, శ్రీవారి మెట్టులో 1,100 పైన. అలిపిరిలో గాలిగోపురం దాకా ఆయాసం తప్పదు. అది దాటాక జింకల పార్కు మీదుగా చాలా దూరం నింపాదిగా నడవవచ్చు, మోకాళ్ల మెట్టు ఎదురయ్యేలోపు కాళ్లు తేరుకుంటాయి. శ్రీవారి మెట్టు ఆ వ్యవధి ఇవ్వదు. కొత్తగా చేరిన నలుగురిని మొదటి రోజే అక్కడికి తీసుకెళితే రెండో ఆదివారానికి ఇద్దరు మిగులుతారు.

అందుకని ముందు చంద్రగిరి పెట్టు. కొండ కింద కోట, రాజమహల్, అందులోని మ్యూజియం తిరిగేసరికి పూట గడుస్తుంది. ఎవరికి ఆయాసం, ఎవరి చెప్పు కరుస్తోంది, ఎవరు అరగంటకోసారి టీ అడుగుతారు అన్నీ అక్కడే తెలిసిపోతాయి. ఆ తర్వాత వాన లేని ఆదివారం చూసి అలిపిరి, సంక్రాంతి దాటాక శ్రీవారి మెట్టు.

వాన సంగతి నువ్వు లెక్కలోకే తీసుకోలేదు. మనకు ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని మూతపడితే, మళ్లీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. కాబట్టి కార్తీకంలో వేసే ప్రతి నడకకూ పక్కన మరో చోటు రాసి పెట్టుకో. వాన పట్టిన ఆదివారం కపిలతీర్థం దగ్గర నిలబడి పైనుంచి దూకే నీళ్లు చూసి రావడం కూడా కార్యక్రమమే. చూడటానికి మాత్రమే సుమా, కొండమీద కురిసిన వాన కింద ఉన్నవాడికి చెప్పి రాదు.

ఇక తలకోన. 270 అడుగుల జలపాతం అనగానే అందరూ పేరిచ్చేస్తారు. అక్కడ జరిగినదొకటి చెబుతాను, నా తప్పే కాబట్టి మొహమాటం లేదు. ఆ రోజు మేము 24 మందిమి. ముప్పై ఏళ్లు బస్సులో తలలు లెక్కపెట్టిన కండక్టరును కదా, ఆ ధీమాతో అందరికంటే ముందు నడుస్తూ చెట్ల పేర్లు చెబుతున్నాను. జలపాతం దగ్గర లెక్కిస్తే 23 మందే తేలారు. మళ్లీ లెక్కించాను. 23 మందే. గుండె జారిపోయింది. వెనక్కి పరుగు లాంటి నడకతో వస్తే, రెండో మలుపు దగ్గర రాతి మీద కూర్చుని ఉన్నారు మన పెద్దాయన ఒకరు. కుడికాలి బూటు అడుగు ముందు వైపంతా ఊడి చేప నోరులా తెరుచుకుంది. తుండుగుడ్డ అంచు చింపి దానికి కట్టు కడుతున్నారు. ‘మిమ్మల్ని ఆపడం ఎందుకులే అనుకున్నానయ్యా’ అన్నారు. అటక మీద ఏళ్ల తరబడి పడున్న బూట్లట. జిగురు ఎండిపోయి ఉంటుంది, తడి తగలగానే విడిపోయింది.

అప్పటి నుంచి నేను వెనకే నడుస్తున్నాను. కండక్టరు నిలబడే చోటు వెనక తలుపు దగ్గర కదా, ఆ సంగతి అడవిలో మరిచాను. నువ్వు కూడా ముందుకు పోవద్దు. దారి తెలిసిన కుర్రవాణ్ని ముందు పెట్టి, అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి పక్కన నువ్వు ఉండు. బయలుదేరేటప్పుడే ఒక్కొక్కరికి ఒక అంకె ఇవ్వు. ఆగిన ప్రతిచోటా ఎవరి అంకె వాళ్లు పలకాలి. తలలు లెక్కిస్తే ఒకరు తగ్గారని తెలుస్తుంది గానీ ఎవరు తగ్గారో తెలియదు. పాత బూట్లున్నవాళ్లు వారం ముందే వాటితో ఊళ్లో నడిచి చూడాలని చెప్పు. నీ సంచిలో నాలుగు మూరల పురికొస తాడు పడేసుకో. జలపాతం కింద రాళ్లకు పాచి ఉంటుంది, ఫోటోల కోసం పైకి ఎక్కేవాళ్లను మాత్రం నిర్మొహమాటంగా కసురు.

తినడానికి బొరుగులు, వేయించిన వేరుశనగ గింజలు, బెల్లం చాలు. పులిహోర పొట్లాలు విప్పితే కోతులతో పంచుకోవాలి. నీళ్లు స్టీలు సీసాలో తేవాలి, తిరుమలలో ప్లాస్టిక్ సీసాలను నిషేధించారు.

పిల్లలను తీసుకొస్తామని కొందరు అడుగుతారు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత పిల్లలతో నడిచేవారికి వేళల నిబంధనలు పెట్టారు. అవి మారుతుంటాయి, ముందురోజు కనుక్కుని చెప్పు. మెట్ల దారి వదిలి అడ్డదారి పట్టే సరదా ఎవరికైనా ఉంటే మొదట్లోనే తుంచేయి. అది ఎర్రచందనం ఉన్న అడవి. అనుమతి లేకుండా లోపల కనబడితే మనం నడక సంఘం అని చెప్పినా నమ్మేవాళ్లు ఉండరు.

ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి అని చివర రాశావు. మంచి ఆలోచన. పాపవినాశనం నుంచి అడవిలో నడక, చివర రెండు కొండల చీలిక మధ్య నీళ్లు. కానీ అందరికీ కాదు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లను రావద్దని దేవస్థానమే చెబుతుంది. శ్రీవారి మెట్టు ఇబ్బంది లేకుండా ఎక్కినవాళ్ల పేర్లే తీసుకో. మీ నాన్న అలుగుతాడు. అలగనీ.

దిగేటప్పుడు బస్సే. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లను తినేస్తుంది. దిగే బస్సు 1944 నాటి పాత ఘాట్ రోడ్డు మీద వస్తుంది, ఆ మలుపులు నాకు ఇంటి గడప కంటే ఎక్కువ అలవాటు. కొండమీద కడుపునిండా తిని వెంటనే బస్సెక్కినవాళ్లకు కిటికీ పక్క సీటు ఇవ్వు.

మీ అమ్మ చేత నా పాత విజిల్ పంపుతున్నాను. ఒకసారి ఊదితే ఆగాలి, రెండుసార్లు ఊదితే కదలాలి. బుధవారంలోగా పట్టిక మార్చి పంపు. విజిల్ లోపలి గింజ అప్పుడప్పుడు ఇరుక్కుంటుంది, గోరువెచ్చని నీళ్లలో వేసి కదిపితే వస్తుంది.

మీ మామయ్య