హెర్బర్ట్ మోరిసన్ లండన్ మేయర్‌గా పనిచేశారా?

లేదు, బ్రిటన్ లేబర్ పార్టీ నేత అయిన ఆయన లండన్ కౌంటీ కౌన్సిల్‌కు, అంటే అప్పట్లో లండన్‌ను పాలించిన స్థానిక సంస్థకు, నాయకుడు మాత్రమే. నగరం మొత్తానికి ఓట్లతో ఎన్నికయ్యే మేయర్ పదవి 2000లో గానీ రాలేదు.

మోరిసన్ 1922 నుంచి 1945 దాకా ఆ కౌన్సిల్ సభ్యుడు. 1934లో లేబర్ పార్టీ అక్కడ మొదటిసారి మెజారిటీ సాధించడంతో నాయకుడై 1940 వరకు కొనసాగారు. కౌన్సిల్‌కు ఛైర్మన్ వేరే ఉండేవారు, కానీ అది గౌరవ పదవి. మెజారిటీ పార్టీ ఎన్నుకున్న నాయకుడి మాటే చెల్లేది. మన గవర్నర్, ముఖ్యమంత్రి తేడా లాంటిదే.

ఆ అధికారం ఎంతటిదో చూడాలంటే లండన్‌లో థేమ్స్ నదిపై ఉన్న వాటర్‌లూ వంతెన చాలు. పాత వంతెన కుంగిపోతోంది. కొత్తది కట్టడానికి అప్పు తెచ్చుకుంటామంటే పార్లమెంటు ఒప్పుకోలేదు. అయినా మోరిసన్ వెనక్కి తగ్గలేదు, స్థానిక పన్నుల డబ్బుతోనే 1934లో కూల్చివేత మొదలుపెట్టించారు. నాకైతే ఆయన కెరీర్‌లో అన్నిటికన్నా తెగువ చూపిన నిర్ణయం ఇదే.

చాలామంది పొరబడేది ‘లార్డ్ మేయర్’ దగ్గర. ఆ పదవి దాదాపు ఒక చదరపు మైలున్న పాత ‘సిటీ’కే పరిమితం. మోరిసన్ మేయర్‌గా చేసిన మాట నిజమే, అయితే అది 1920-21లో, హాక్నీ అనే ఒక్క బరోకు (లండన్‌లోని ఒక స్థానిక పాలనా విభాగానికి).