ఏలూరు వకీలు, దక్షిణాఫ్రికాలో ఏజెంటు: కూర్మా వెంకటరెడ్డి నాయుడు

వృత్తిలో స్థిరపడ్డాక రాజకీయాల్లోకి వచ్చి, ఆపై విదేశాల్లో దౌత్యం నెరపిన తెలుగువారు ఎవరున్నారని అడిగారు. నేను ముందుగా చెప్పే పేరు సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు (1875–1942). ఆయన ఏలూరు వకీలు, బ్రాహ్మణేతరుల పక్షాన నిలిచిన జస్టిస్ పార్టీ నాయకుడు. 1919లో ఆ పార్టీ పెద్ద టి.ఎం.నాయర్ లండన్‌లో కన్నుమూశాక బ్రాహ్మణేతరుల వాదనను బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు వినిపించినవారిలో ఈయన ఒకరు. 1920లో మద్రాసు రాష్ట్రంలో మంత్రి అయ్యారు.

నాకు మాత్రం ఆయన విలువ దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉద్యోగం చేసిన కాలంలోనే తెలిసింది. మా పక్కింటి పెద్దాయన తాతగారు మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటలకు కూలీగా వెళ్లినవారు. పెద్దాయనకు తెలుగు చదవడం రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న రామభజనల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఒక్క పదం కూడా తప్పకుండా పాడేవారు. మన భాష తెలిసిన ఏజెంటు ఒకాయన వచ్చారని వాళ్ల నాన్న గొప్పగా చెప్పుకునేవారట. ఏజెంటంటే అక్కడ భారత ప్రభుత్వ ప్రతినిధి; ఆయన వెంకటరెడ్డి నాయుడుగారే. శ్రీనివాస శాస్త్రి తర్వాత 1929 నుంచి 1932 వరకు ఆ పదవిలో ఉన్నారు. అక్కడి ఆంధ్ర మహాసభ పుట్టింది కూడా ఆ రోజుల్లోనే, 1931లో.

అది ఎంత కష్టమైన కొలువో చూడండి. పరాయి పాలనలో ఉన్న దేశం తరఫున, ఓటు హక్కు లేని జనం కోసం, వాళ్లను వద్దనుకునే ప్రభుత్వంతో మాట్లాడాలి. ఆధారమల్లా 1927 నాటి కేప్‌టౌన్ ఒప్పందం. తిరిగి వెళ్లిపోయే భారతీయుడికి ఓడ ఖర్చుతో పాటు 20 పౌన్లు ఇస్తామని, ఉండిపోయేవారికి చదువు, బతుకు మెరుగుపరుస్తామని అందులో రాసుకున్నారు. అలా వచ్చి మద్రాసులో దిగిన ఎందరికో ఇక్కడ ఊరూ లేదు, ఉపాధీ లేదు. ఇంతలో 1930లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ రాష్ట్రపు భారతీయుల భూమి హక్కులను బిగించే బిల్లు వచ్చింది. 1932 కేప్‌టౌన్ చర్చల్లో సరోజినీ నాయుడు, శాస్త్రిగారితో పాటు ఈయన కూడా కూర్చున్నారు. అయినా ఆ ఏడాదే బిల్లు చట్టమైంది. ఫలితం దక్కలేదని ఆ శ్రమను తీసిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

1936లో కొన్ని నెలలు మద్రాసుకు తాత్కాలిక గవర్నరుగా ఉన్నారు. 1937 ఎన్నికల్లో గెలిచిన కాంగ్రెస్, గవర్నరు ప్రత్యేకాధికారాలపై హామీ ఇవ్వనిదే పదవి చేపట్టనంది. దాంతో ఏప్రిల్ 1 నుంచి జూలై 14 వరకు, రాజాజీ వచ్చేదాకా, వెంకటరెడ్డి నాయుడే మద్రాసు ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా పిలిచేవారు). మెజారిటీ లేని ఆ ప్రభుత్వాన్ని నేను సమర్థించను. కానీ మనవాళ్లు ఆ మూడున్నర నెలలనే తలచుకుని, ఆఫ్రికాలో గడిపిన మూడేళ్లను మరిచిపోవడమే నాకు బాధ. 1940లో అన్నామలై విశ్వవిద్యాలయం ఉపకులపతి అయ్యారు. అక్కడ కూడా ఆయన శాస్త్రిగారి స్థానంలోకే వచ్చారు.