అద్దె గదిలో చదువుకుంటూ కరెంటు ఆదా చేయడం ఎలా?

అద్దె గదిలో ఉండి చదువుకునేవారు కరెంటు ఖర్చు ఎలా తగ్గించుకోవాలని అడిగారు. గది దాటేటప్పుడు లైటు ఆర్పమనే సలహాను నేను పెద్దగా లెక్కచేయను. ఆర్పడం మంచిదే కానీ, మన బిల్లు పెరిగేది వెలుతురు వల్ల కాదు, వేడి వల్ల.

హైదరాబాదు అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే రోజుల్లో మా గదికి విడిగా సబ్‌మీటరు ఉండేది. దాని మీద 3200 అని ముద్రించి ఉంది. ఎర్ర దీపం అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ కాలినట్టు. డిసెంబరులో ఒక ఉదయం నేనూ, నా రూమ్మేటూ అన్ని స్విచ్చులూ ఆపేసి, ఒక్కొక్కటే వేస్తూ ఆ దీపాన్ని గమనించాము. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు రెండు నిమిషాలు దాటితే గానీ అది మిణుకుమనలేదు. పాత సీలింగ్ ఫ్యానుకు పావు నిమిషానికి ఒకసారి వెలిగింది. బకెట్లో 1500 వాట్ల హీటర్ రాడ్ పెట్టి స్విచ్ వేయగానే సెకను తిరగకుండానే కొట్టుకోసాగింది. ఆ లెక్కన 20 నిమిషాలకు అర యూనిట్ ఖర్చవుతుంది. అదే అర యూనిట్‌తో ఆ బల్బు రెండు రోజులకు పైగా వెలుగుతుంది. రాడ్ వేసి ఫోన్‌లో మునిగిపోయి, నీళ్లు పొగలు కక్కాక మళ్లీ చన్నీళ్లు కలుపుకొనేవారు లైటు గురించి ఇతరులకు నీతులు చెప్పడం నాకు నవ్వు తెప్పిస్తుంది.

ఆ తర్వాత మేము స్నానాలు సాయంత్రానికి మార్చుకున్నాము, ఎందుకంటే మేడ మీది నల్ల ట్యాంకులోని నీళ్లు అప్పటికి ఎండకు గోరువెచ్చగా ఉండేవి. ఇండక్షన్ స్టవ్ మీద వండే పప్పును ముందే నానబెట్టి కుక్కరులో పెట్టేవాళ్లం. పెట్టెలాంటి పాత ఫ్యాను రెగ్యులేటరు తగ్గించినా పెద్దగా మిగలదు, అది కరెంటును వేడిగా మార్చి పారేస్తుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు అయితే నిజంగానే ఆదా అవుతుంది.

ఇంత చేసినా ఓనరు ఆంటీ యూనిట్‌కు 10 రూపాయల చొప్పున వసూలు చేసేవారు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన గృహ వినియోగ రేట్లలో నెలకు 800 యూనిట్లు దాటిన తర్వాతి వాటికే ఆ ధర. ఒకే మీటరు మీద పలు గదులుంటే బిల్లు ఎక్కువ రేటుండే పై శ్లాబులోకి పోతుందని, వాడకం 200 దాటితే మొదటి యూనిట్ నుంచే 5.10 రూపాయలు పడుతుందని నేనూ ఒప్పుకుంటాను. అయినా అది పదికి చాలా దూరం. బిల్లు చూపించమంటే, “మోటరు ఖర్చు ఎవరిస్తారు బాబూ?” అనేవారు. కాబట్టి గదిలో దిగే ముందే యూనిట్ రేటు మాట్లాడుకొని, సబ్‌మీటరు రీడింగును ఫోటో తీసి ఓనరుకు పంపండి.