ఆర్కిటిక్ మంచు కరగడం వల్లే తిరుపతికి వాయుగుండాలు పెరిగాయా?

ఉత్తర ధ్రువంలో మంచు తగ్గుతోంది కాబట్టే మన తిరుపతి వైపు వాయుగుండాలు ఎక్కువయ్యాయా అని అడిగారు. నేరుగా కాదండీ. భూమి వేడెక్కడమే రెండు చోట్లా పని చేస్తోంది, అంతేగానీ అక్కడి మంచు ఇక్కడి తుఫానును పుట్టించదు.

మాది రాయలచెరువు కింద ఊరు. 2021 నవంబరులో చెన్నై దగ్గర తీరం దాటిన వాయుగుండం తిరుపతి చుట్టూ కుమ్మరించింది. చెరువు నిండి, కట్టకు నీళ్లు ఊరడం మొదలైంది. ఒకచోట ఇసుక బస్తాలు వేస్తుంటే పక్కనుంచి బురదనీళ్లు బుడబుడా తన్నుకొచ్చేవి. కింది ఊళ్లన్నీ ఖాళీ చేయించారు. ఆవుల్ని తోలుకుని మేమూ మెట్టకెక్కాం. అప్పటినుంచే ఈ సంగతులు వెతికి చదువుతున్నాను.

ఆ వాయుగుండానికి బలం బంగాళాఖాతంలోని వేడినీళ్ల నుంచి వచ్చింది. సముద్రం పైనీళ్లు దాదాపు 26.5 డిగ్రీలు దాటితే తుఫానుకు మేత దొరికినట్టే. పైగా గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ మోస్తుంది. అందుకే కురిస్తే ఆ కురవడం.

మంచుకీ తుఫానుకీ అసలు లంకె ధ్రువాల దగ్గరే ఉంది. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ సముద్రపు మంచు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన పెద్ద తుఫాను, అప్పటికే పలచబడిన మంచును ఇంకా చితక్కొట్టింది. మంచు కప్పి ఉంటే అలలు లేవవు. అది లేని చోట గాలికి అడ్డే లేక అలలు పెద్దవై ఒడ్డును కోసేస్తాయి. అలాస్కాలోని షిష్‌మరెఫ్ ఊరికి శరదృతువు తుఫాన్లప్పుడు గడ్డకట్టిన సముద్రమే కాపు. ఇప్పుడది ఆలస్యంగా గడ్డకడుతోంది, ఒడ్డు విరిగిపోతోంది. 2016లో వాళ్లు ఊరే వదిలి వెళ్లాలని ఓటేశారు. ఊరు ఖాళీ చేసినవాణ్ణి కాబట్టి అది చదివాక నాకు చాలాసేపు మనసు కుదురుపడలేదు. మేం తిరిగొచ్చాం, వాళ్లకు ఆ నేలే మిగలడం లేదు.

ఆర్కిటిక్ వేడెక్కి మంచు తగ్గితే జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తున వేగంగా వీచే గాలుల ప్రవాహం, మెలికలు తిరుగుతుందన్న మాట కూడా మీరు వినే ఉంటారు. జెన్నిఫర్ ఫ్రాన్సిస్, స్టీఫెన్ వావ్రస్ అనే శాస్త్రవేత్తలు 2012లో ఆ వాదన తెచ్చారు. అది ఐరోపా, అమెరికా వాతావరణం గురించి, దానిమీద శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు.

మీ ఊళ్లో చెరువుంటే, అక్టోబరు లోపే మొరవకు, అంటే నిండిన నీళ్లు బయటికి పొర్లిపోయే దారికి, అడ్డంపడిన కంపచెట్లు తీయించమని పంచాయతీని అడగండి. మేం ఏటా అడుగుతున్నాం.