సీనియర్లు వెళ్లిపోతే టీమ్ సంగతేంటి?

ప్రశ్న: వరసగా రెండేళ్లు ఇంటర్ కాలేజియేట్ బాస్కెట్‌బాల్ గెలిచాం. మెయిన్ ఐదుగురిలో నలుగురికి ఇది ఫైనలియర్. మాది చిన్న కాలేజీ, ఫీజు రాయితీ ఏడాదికి ఇద్దరికి మించి ఇవ్వరు. టీమ్ పడిపోకుండా ఏం చేయాలి?
– ఒక పీడీ (ఫిజికల్ డైరెక్టర్), గుంటూరు

జవాబు: ఆ రెండు రాయితీల్లో ఒకటి పాయింట్ గార్డ్‌కే, అంటే బంతి ముందుకు తెచ్చి ఆట నడిపేవాడికే ఇవ్వండి సార్. పొడుగు కుర్రాడి వెంట అన్ని కాలేజీలూ పడతాయి. ప్రత్యర్థులు కోర్టంతా మీదపడి అడ్డుకునే ‘ప్రెస్’లోంచి బంతి దాటించగలవాణ్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అండర్-19 స్కూల్ గేమ్స్ జిల్లా సెలక్షన్స్‌కు మీరే వెళ్లండి. ఎవరెన్ని బాస్కెట్లు వేశారన్నది వదిలేసి, ఎడంచేత్తో డ్రిబుల్ చేస్తూ తలెత్తి చూసేదెవరో గమనించండి. అడ్మిషన్లు మొదలయ్యేదాకా ఆగితే ఆ పిల్లాడు మీకు దక్కడు.

అసలు చిక్కు ఎక్కడంటే, గెలిచే జట్టులో ఆ ఐదుగురే ఆడుతుంటారు. జూనియర్లు రెండేళ్లు బెంచీ మీదే ఉండి, మూడో ఏడు ఒక్కసారిగా కోర్టులోకి దిగి కంగారుపడతారు. 12 మందిలో ఏడాదికి నలుగురు చొప్పున ఉండేలా చూసుకోండి. లీగ్ మ్యాచ్‌లలో రెండో క్వార్టర్ 10 నిమిషాలూ ఇద్దరు సీనియర్లు, ముగ్గురు జూనియర్లతో నడపండి. ఆధిక్యం కొంత కరిగినా కంగారుపడి మార్చకండి.

అమెరికాలో స్పోకేన్ అనే ఊళ్లోని గొంజాగా యూనివర్సిటీ ఆడుతూ వచ్చింది పెద్ద కాన్ఫరెన్స్‌లో (కాలేజీల లీగ్‌లో) కాదు. అయినా 1999 నుంచి 2025 దాకా జరిగిన ప్రతి ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లోనూ, అంటే అక్కడి కాలేజీల జాతీయ పోటీలోనూ ఆడింది. 1999లో కోచ్ వెళ్లిపోతే అసిస్టెంట్ మార్క్ ఫ్యూకే పగ్గాలిచ్చారు, ఆట పద్ధతి చెదరలేదు. కెల్లీ ఒలినిక్ అనే ఆటగాణ్ని 2011-12లో ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండా ఏడాదంతా తయారుచేశారు. మరుసటి సీజన్‌లో అతను ఆల్-అమెరికన్ అయ్యాడు, అంటే దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ల జాబితాకెక్కాడు. మన మూడేళ్ల డిగ్రీలో అంత ఓపిక పట్టలేం కానీ, పద్ధతి మార్చకపోవడం మన చేతుల్లోదే. మీ సెట్ ప్లేలకు (ముందే అనుకున్న ఎత్తుగడలకు) పేర్లు పెట్టి నోట్‌బుక్‌లో బొమ్మలతో రాయించండి. సీనియర్ వెళ్లేముందు తన స్థానంలో ఆడబోయేవాడికి నెల రోజులు దగ్గరుండి నేర్పాలి.

ఫ్రీ త్రోలు ప్రాక్టీసు మొదట్లో వేయిస్తే లాభం లేదు. స్ప్రింట్ కాగానే, రొప్పుతుండగా రెండేసి చొప్పున మొత్తం 20 వేయించి లెక్క రాయండి. సిమెంటు కోర్టయితే గంతులు, పరుగులు వారానికి మూడు రోజులు చాలు. అంతకు మించితే ముంగాళ్ల నొప్పులతో సగం మంది కూర్చుంటారు. మే నెలలో ఉదయం ఏడున్నరకల్లా ముగించేయండి.

ప్రశ్న: మా సిమెంటు కోర్టు మీద తోలు బంతులు త్వరగా నున్నబడిపోతున్నాయి.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: రోజూ రబ్బరు బంతితోనే ఆడండి. తోలు బంతి ఇండోర్ మ్యాచ్‌లకే ఉంచండి. ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బంతి ఎక్కువ ఎగురుతుంది కాబట్టి, ఆడే వేళకే గేజ్ పెట్టి, బంతి మీద ముద్రించిన ఒత్తిడికి సరిచేయండి.